మాఘమాసం పెళ్లికి స్కిన్ క్లినిక్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూస్కోండి

- ఫిల్లర్ (ముఖం నిండుగా కనబడ్డానికి ఇచ్చే ఇంజెక్షన్) అయితే ఫస్ట్ అడగాల్సింది రేటు కాదు, హైలురోనిడేజ్ ఉందా అని. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు, హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ని వెంటనే కరిగించే మందు ఈ హైలురోనిడేజే, అందుకే పార్లర్‌లో అస్సలొద్దు.

- తెల్లబడ్డానికి గ్లూటాథయోన్ డ్రిప్ (నరంలోకి సెలైన్‌లా ఎక్కించే మందు) అంటే లేచి వచ్చేయండి, దానికి అమెరికా ఎఫ్‌డీఏ అప్రూవల్ కూడా లేదు. ఆ డబ్బులకి ఇంకో పట్టుచీరొస్తుంది.

- కెమికల్ పీల్‌కి (యాసిడ్ రాసి పైచర్మం ఊడేలా చేయడం) ఓ వారం ముందే రెటినాల్ (విటమిన్-ఎ క్రీమ్) ఆపండి, లేకపోతే చర్మం కాలి నల్లమచ్చలు పడొచ్చు, మన చర్మాలకి అవి నెలల తరబడి పోవు.

- బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) పూర్తిగా సెట్టవ్వడానికి 2 వారాలు, ముందురోజు చేయించుకుంటే ఫొటోల్లో ఏం కనబడదు.

- లేజర్ హెయిర్ రిమూవల్‌కి నెల ముందు నుంచీ వ్యాక్సింగ్ బంద్, షేవింగ్ ఓకే. లోపల వెంట్రుక కుదురు ఉంటేనే లేజర్ పనిచేసేది.