దాచిన ఊలుతో స్వెట్టర్: రంగు గిన్నె పొయ్యి ఎక్కించే ముందు

పెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఊలు ఉండలన్నీ బయటికి తీసి, అన్నిటికీ ఒకే రంగు వేసి స్వెట్టర్ అల్లేద్దామనిపిస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఈ పనిలో చెడేదంతా దాదాపు సూదులు చేతికి రాకముందే చెడుతుంది. అల్లిక తప్పితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. రంగు గిన్నెలో ముద్దకట్టిన ఊలుని మాత్రం ఎవరూ విడదీయలేరు.

ముందు పురుగు సంగతి చూడండి. ఉండని వెలుతురులో తిప్పి చూస్తే పోగులు అక్కడక్కడా కొరికినట్టు తెగి ఉన్నాయా? ఇసుకలాంటి రేణువులు రాలుతున్నాయా? అది చిమ్మట పని. ఎగిరే చిమ్మట ఊలు తినదు, దాని పిల్లపురుగు తింటుంది. అనుమానం ఉన్న ఉండల్ని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి చల్లదనం పూర్తిగా పోయే వరకు విప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఆ తర్వాత పోగుని రెండు చేతులా పట్టుకుని లాగి చూడండి. పుటుక్కున తెగే ఊలు స్వెట్టర్‌కి పనికిరాదు.

అసలు గండం లేబుల్ ఊడిపోయిన ఉండలతో వస్తుంది. నా దగ్గర అలాంటివి రెండు ఉండేవి. చేతికి ఒకేలా మెత్తగా తగిలాయి కదా అని ఒకే గిన్నెలో వేసి ముదురు నీలం కలిపాను. ఒకటి చక్కటి నీలం తేలింది, రెండోది గిన్నెలోంచి దుమ్ముపట్టిన బూడిద రంగులో బయటికొచ్చింది. అది అక్రిలిక్. అప్పటి నుంచి ప్రతి ఉండ నుంచి వేలెడు పోగు కత్తిరించి కాల్చి చూడందే ముందుకు వెళ్లను. సింక్ మీద, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని, జుట్టు ముడేసుకుని చేయండి. అసలు ఊలైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య పొడైపోతుంది. కాటన్ కాగితంలా కాలుతుంది. అక్రిలిక్ కరిగి, నల్లటి పొగ వదిలి, గట్టి పూసలా మిగులుతుంది. ఆ పూస చాలాసేపు వేడిగానే ఉంటుంది, వెంటనే ముట్టుకోకండి. రెండు రకాలు కలిపి వడికిన పోగుతో మాత్రం ఈ పరీక్ష తికమక పెడుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఒక్కో రకానికి ఒక్కో రంగు. ఊలుకీ పట్టుకీ నైలాన్‌కీ యాసిడ్ డై. పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు, ఇంట్లో అందులో వేసే యాసిడ్ వెనిగరో నిమ్మ ఉప్పో. కాటన్‌కి వాషింగ్ సోడాతో పట్టే రియాక్టివ్ డై. అక్రిలిక్‌కి ఈ రెండూ పట్టవు, దాన్ని ఉన్న రంగులోనే చారలకి వాడుకోవడం మేలు.

ఇంకో సంగతి. రంగు పాత రంగుని కప్పదు, దానితో కలుస్తుంది. పసుపు ఊలు మీద నీలం పోస్తే ఆకుపచ్చే వస్తుంది. కాబట్టి అన్ని ఉండలూ ఒక్కటి కావాలంటే వాటిలో అన్నిటికన్నా ముదురుదాన్ని మించిన రంగు ఎంచుకోవాలి. ముందు రంగు తీసేద్దామని బ్లీచ్ జోలికి మాత్రం పోవద్దు, క్లోరిన్ బ్లీచ్ ఊలుని తినేస్తుంది. ప్రతి ఉండ నుంచి మూరెడు పోగు తీసి, చిన్న గిన్నెలో రంగేసి చూస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది.

రంగు పొడి కలిపేటప్పుడు ఫ్యాన్ ఆపి, మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. కింద తడి కాగితం పరిస్తే రాలిన పొడి ఎగరదు. గిన్నె స్టీలుది అయి ఉండాలి, మళ్లీ వంటకి వాడకూడదు. గరిటె, చెంచాలకీ ఇదే మాట. కడిగితే పోతుందిలే అని సర్దిచెప్పుకోకండి.

ఉండని ఉండలాగే ముంచితే లోపల రంగు పట్టదు. చిలపగా, అంటే పెద్ద వదులు చుట్టగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో కనీసం అరగంట నానబెట్టండి. గట్టిగా కడితే కట్టిన చోట తెల్లగా మిగులుతుంది. 100 గ్రాముల ఊలుకి ఒక గ్రాము పొడి వేస్తే మధ్యస్థపు రంగు వస్తుంది. తూకం చెంచాతో కాదు, కాటాతోనే. నీళ్లు గోరువెచ్చగా ఉండగా రంగు కలిపి, ఆ తర్వాతే ఊలు దింపి, అరగంటకు పైగా తీసుకుని నెమ్మదిగా 85 డిగ్రీల దాకా వేడెక్కించి, ఇంకో అరగంట అక్కడే ఉంచండి. వెనిగర్ సగం ముందు, సగం రంగు కాస్త పట్టాక పోస్తే మచ్చలు పడవు. నీళ్లు తెర్లకూడదు, ఊలుని కలియబెట్టకూడదు. నీళ్లలో రంగు పోయి తేటపడితే ఊలు రంగంతా పీల్చుకున్నట్టే. పొయ్యి ఆపి, రాత్రంతా గిన్నెలోనే చల్లారనివ్వండి. వేడి గిన్నెని ఎత్తి ఒంపే ప్రమాదమూ తప్పుతుంది.

ఇక్కడే నేను ఒకసారి తొందరపడ్డాను. వేడి చిలపని తీసుకెళ్లి చల్లటి కుళాయి కింద పెట్టి పిండాను. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడీ చలీ రాపిడీ ఒకేసారి తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. పది నిమిషాల్లో నా చిలప గొంగళి ముక్కైంది. అందుకే కడిగే నీళ్లు ఊలు ఎంత వెచ్చగా ఉందో అంతే వెచ్చగా ఉండాలి. మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమితే చాలు.

అవసరం కన్నా 100 గ్రాములు ఎక్కువే రంగేయండి, అదే ఛాయ రెండోసారి రాదు. అన్నీ ఒకే గిన్నెలో పట్టకపోతే, అల్లేటప్పుడు రెండు చిలపల్నీ రెండేసి వరసలకొకసారి మార్చుకుంటూ పోతే తేడా కంటికి ఆనదు.

కొలత ముక్క, అంటే కుట్లు లెక్కపెట్టి చూసుకునే చిన్న అల్లిక ముక్క, రంగేసిన ఊలుతోనే అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. వేడినీళ్లు చూసిన ఊలు మునుపటిలా ఉండదు. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తాయనుకుని 220 కుట్లతో మొదలుపెట్టారనుకోండి, చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. నిజానికి 20 కుట్లే వస్తే అది 110 అవుతుంది, స్వెట్టర్ ఒంటి మీద వేలాడుతుంది.

ఆ ముక్కనే తడిపి తెల్లగుడ్డ మీద అదిమి చూడండి. మరక దిగితే తేట నీళ్లు వచ్చే వరకు ఇంకా కడగాలి. పనయ్యాక ఆ ముక్కనీ మిగిలిన ఊలునీ, రంగు పేరు, తూకం రాసిన చీటీతో కలిపి ఒక సంచిలో కట్టి పెట్టుకోండి. ముందుగా చిరిగేది మోచేతి దగ్గరే, అప్పుడు ఆ ఊలే కావాలి.