స్మెయిల్‌హోమ్ టవర్‌కి బయల్దేరే ముందు జాగ్రత్తలు

దక్షిణ స్కాట్లాండ్‌లోని బోర్డర్స్ ప్రాంతంలో, కెల్సో ఊరికి దగ్గర్లో, రాతి గుట్ట మీద నిలబడ్డ 15వ శతాబ్దపు కోట ఇల్లు ఇది. ప్రింగిల్ వంశం వాళ్లు కట్టించారు. ప్రసిద్ధ స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ చిన్నతనంలో పక్కనే శాండీనో పొలంలో తాతగారింట్లో పెరిగాడు.

• చలికాలంలో లోపలికి వెళ్లనివ్వరు. తెరిచే రోజులు ముందే చూసుకోండి.

• గట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. వాన పడితే గుట్ట రాళ్లు బాగా జారతాయి. లోపల ఇరుకైన మెలిక మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైదాకా రమ్మని బలవంతపెట్టకండి, కింద నుంచి చూసినా అందమే.

• గాలి ఆపే జాకెట్ ఎండాకాలంలోనూ కావాలి. పైన పిల్లల చెయ్యి వదలకండి.

• చుట్టూ గొర్రెల మేత భూములు. స్కాట్లాండ్ 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే పొలాల గుండా నడవొచ్చు. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. వసంతంలో గొర్రెలు ఈనుతాయి, కుక్కని తాడుతో పట్టుకోండి. బెదిరిన తల్లి పిల్లని వదిలేస్తే ఆ పిల్ల బతకడం కష్టం.

• గడ్డిలో నడిచొచ్చాక కాళ్లు, మోకాళ్ల వెనక పిడుదుల కోసం వెతకండి. లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బు వాటి వల్లే వస్తుంది.