నోడ్‌లో రెండు చోట్ల సంతకం: ఎక్కడ తేడా వస్తుంది, ఏది తీసేయాలి

హనుమకొండలో మా చిన్న జట్టు ఒక ప్రైవేట్ ఎథీరియం చెయిన్ నడుపుతోంది. ఎనుమాముల యార్డులో రైతుకిచ్చే తక్‌పట్టీయే (తూకం, ధర రాసిచ్చే చీటీ) మాకు నమూనా. మిర్చి లాటు కాంటా అయ్యాక బస్తాలు, బరువు, ధర కలిపి ఒక లావాదేవీగా చెయిన్‌పైకి ఎక్కుతాయి. చెయిన్‌ను నడిపే ప్రోగ్రామ్, అంటే నోడ్, దాని కోడ్ గో భాషలో ఉంది. అందులో లావాదేవీలకు ప్రైవేట్ కీతో సంతకం చేసే కోడ్ రెండు చోట్ల పెరిగింది, మా తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

సమస్య: ఖాతాలో బ్యాలెన్స్ ఉంది, అయినా "ఇన్‌సఫిషియంట్ ఫండ్స్" (డబ్బు చాలదు)

వాలెట్ నుంచి పంపితే లావాదేవీ చక్కగా వెళ్తుంది. అదే ఖాతా నుంచి నోడ్ ఆర్‌పీసీ (బయటి ప్రోగ్రాములు నోడ్‌ను అడిగే దారి) ద్వారా పంపితే ఈ ఎర్రర్. మేం రెండు రోజులు బ్యాలెన్స్ చుట్టే తిరిగాం. మీరు ముందు సెండర్ అడ్రస్‌ను లాగ్‌లో రాయించి చూడండి. అది మీ అడ్రస్ కాకపోతే తప్పు సంతకంలో ఉంది.

కారణం: ఎథీరియం లావాదేవీలో పంపినవారి అడ్రస్ విడిగా ఉండదు. సంతకంలోని ఆర్, ఎస్, వి అనే మూడు విలువలనూ లావాదేవీ హ్యాష్‌నూ (దాని వివరాల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కలిపి నోడ్ దాన్ని లెక్కగడుతుంది. సంతకం ఒక హ్యాష్ మీద చేసి, సరిచూసేది ఇంకో హ్యాష్ మీదైతే లెక్క సాధారణంగా ఆగిపోదు. ఎవరిదీ కాని అడ్రస్ ఒకటి బయటికొస్తుంది, దాని బ్యాలెన్స్ సున్నా.

2016 నవంబర్‌లో అమల్లోకొచ్చిన ఈఐపీ-155 (ఎథీరియం నియమాల్లో మార్పు పత్రం) ప్రకారం లావాదేవీలోని 6 ఫీల్డ్‌లకు చెయిన్ ఐడీ (ఏ చెయినో చెప్పే సంఖ్య), రెండు సున్నాలు కలిపి మొత్తం 9 హ్యాష్ చేయాలి. వి విలువ చెయిన్ ఐడీని రెట్టింపు చేసి 35 గానీ 36 గానీ కలిపితే వస్తుంది. మా పాత ఫంక్షన్ 6 ఫీల్డ్‌లనే హ్యాష్ చేసేది, వి మాత్రం కొత్త లెక్కలో ఇచ్చేది. సగం మార్చి వదిలేసిన కోడ్ అది.

పరిష్కారం: ఈఐపీ-155 పత్రంలోనే ఒక ఉదాహరణ ఉంది: నాన్స్ (ఖాతా నుంచి వెళ్లే లావాదేవీల వరుస సంఖ్య) 9, గ్యాస్ లిమిట్ 21000, విలువ 1 ఈథర్, చెయిన్ ఐడీ 1. రెండు ఫంక్షన్లకూ దాన్నే ఇవ్వండి. వి 37 రావాలి. ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే సంతకం ఇచ్చే ఆర్‌ఎఫ్‌సీ 6979 పద్ధతిలో సంతకం చేస్తే ఆర్, ఎస్ కూడా ప్రతిసారీ బైటు తేడా లేకుండా వస్తాయి. తప్పిన ఫంక్షన్‌ను బాగుచేయాలనిపిస్తుంది. వద్దు, తీసేయండి. ఇవాళ రెండూ కలిసినా, రేపు ఒకదాన్ని మార్చినవాళ్లు రెండోదాన్ని మరచిపోతారు.

సమస్య: నోడ్ మొదలవగానే మెమరీ నిండి ప్రాసెస్ ఆగిపోవడం

కారణం: ప్రైవేట్ కీ దాచే కీస్టోర్ ఫైలు తాళం స్క్రిప్ట్ (scrypt) అనే పద్ధతిలో ఉంటుంది. ఎన్ 262144, ఆర్ 8 (ఇది సంతకంలోని ఆర్ కాదు) అనే మామూలు అమరికలో ఒక్కసారి తెరవడానికే 256 ఎంబీ కావాలి. రెండు చోట్ల కోడ్ ఒకేసారి తెరిస్తే 512 ఎంబీ. చిన్న సర్వర్ తట్టుకోదు.

పరిష్కారం: కీని నోడ్ బయట పెట్టండి. క్లెఫ్ లాంటి విడి సైనర్ సంతకం చేస్తుంది, నోడ్ సరిచూసి పంపుతుంది. "నాన్స్ టూ లో" ఎర్రర్లు కూడా మాకు దీంతోనే పోయాయి, రెండు కోడ్‌లూ ఎవరి నాన్స్ లెక్క వాళ్లు పెట్టుకోవడమే వాటికి కారణం.

తీసేయకూడనివి

మా జట్టులో కొత్తగా చేరిన తమ్ముడు అడిగాడు: "అన్నా, సంతకం కోడ్ తీసేస్తున్నం కదా, ఈ రికవర్ ఫంక్షన్ ఇంకెందుకు?" సంతకం నుంచి పంపినవారి అడ్రస్ లెక్కగట్టేది ఆ ఫంక్షనే, అది పోతే ఎవరు పంపారో నోడ్‌కు తెలిసే దారే ఉండదు. ఎస్ విలువ సగం హద్దు దాటితే తిప్పికొట్టే ఈఐపీ-2 తనిఖీ కూడా ఉండాలి. లేకపోతే ఎవరైనా అదే లావాదేవీ సంతకాన్ని తిప్పి, వేరే హ్యాష్‌తో పంపగలరు, హ్యాష్ చూసి తక్‌పట్టీ వెతికేవాళ్లకు అది దొరకదు. అనుమతి ఉన్న నోడ్‌లే బ్లాకులకు సంతకం చేసే క్లిక్ (Clique) పద్ధతిలో నడిచే చెయిన్ అయితే, బ్లాక్‌లోని ఎక్స్‌ట్రాడేటా ఫీల్డ్ చివరి 65 బైట్ల సీల్ జోలికి అసలు పోవద్దు. అదీ సంతకమే, కానీ దాని పని వేరు.

తీసే వరుస

ముందు పాత ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నారో లాగ్ రాయించండి. మేం వారం చూశాం, రాత్రిపూట నడిచే ఒక స్క్రిప్ట్ ఆరో రోజున బయటపడింది. దాన్ని కొత్త సైనర్‌కు మళ్లించాకే కోడ్ తీశాం. తీశాక ప్రైవేట్ కీ టైపు పేరును నోడ్ కోడ్ మొత్తంలో వెతకండి. పీ2పీ నోడ్ కీ (ఇతర నోడ్‌లతో మాట్లాడేటప్పుడు నోడ్ తన గుర్తింపుకు వాడే కీ) దగ్గర, టెస్టుల్లో ఉండొచ్చు. లావాదేవీల ఫోల్డర్‌లో ఒక్కచోట కనిపించినా పని ఇంకా మిగిలే ఉంది.