మౌన నిరసన ఎలా చేయాలి

1988 జనవరిలో జెరూసలేంలో కొందరు ఇజ్రాయెలీ మహిళలు నల్లబట్టలు కట్టుకుని, పాలస్తీనా ప్రాంతాలను తమ దేశం ఆక్రమించడాన్ని నిరసిస్తూ 'ఆక్రమణ ఆపండి' అని రాసిన అట్టలు పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నాలు గంటసేపు నిలబడ్డారు. 'విమెన్ ఇన్ బ్లాక్' అలా మొదలైంది. 1991 అక్టోబర్ నుంచి అప్పటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ మహిళలు తమ దేశంలో జరుగుతున్న యుద్ధాన్ని ఎదిరించిందీ ఈ పద్ధతిలోనే. మేమూ మా ఊళ్లో ఇదే చేస్తాం.

ముందు పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి పర్మిషన్ తీసుకోండి. వారం, వేళ, చోటు మార్చకండి, జనానికి అలవాటవ్వాలి. నల్ల చార్టు మీద తెల్ల రంగుతో ఒక్కటే మాట, అరచేయంత అక్షరాలతో రాయండి. బస్సులో కూర్చున్నవాళ్లు సిగ్నల్ మారేలోగా చదివేయాలి. ఏ పార్టీ జెండానూ రానివ్వకండి. ఈ విషయంలో నేను అస్సలు మొహమాటపడను.

అసలు కష్టం మౌనమే. ఎవరో బండి ఆపి "ఇంట్లో పనేం లేదా?" అంటారు. ఒళ్లు మండిపోతుంది. అయినా నోటిదాకా వచ్చిన మాట మింగేయాలి. అందుకే కరపత్రాలు పంచడానికి, అడిగినవాళ్లకు నిదానంగా చెప్పడానికి ఒకరిని పక్కన ఉంచండి. మిగతావాళ్లు పెదవి విప్పకూడదు. ఫోన్లు సంచిలోనే ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు స్టూళ్లు వేయండి, కూర్చున్నా నిరసనే.

గంట కాగానే అట్టలు సర్దేసి, వచ్చే వారం కరపత్రాల పని ఎవరిదో అక్కడే టీ తాగుతూ తేల్చుకోండి.