యూనివర్సిటీలో ఇంటర్మీడియట్ జపనీస్ ఎలా చదవాలి? తెలుగు మీదుగా ఒక దారి

మొదటి ఏడాది జపనీస్ హాయిగా సాగిపోతుంది. హిరగానా, కతకానా అనే రెండు లిపులు వచ్చేస్తాయి, నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా చెబితే సెన్సే (టీచర్) మెచ్చుకుంటారు. ఇంటర్మీడియట్ కోర్సులో అడుగుపెట్టాక పరిస్థితి మారిపోతుంది. ఒక్క పేజీ చదవడానికి గంట పడుతుంది. ఒకేలా కనిపించే వ్యాకరణ రూపాలు వారానికి పది వచ్చి పడతాయి. చాలామంది వదిలేసేది ఇక్కడే.

తెలుగు వచ్చినవాళ్ళు వదిలేయాల్సిన పని లేదు. మన భాషలో ఉన్న సాయాన్ని పక్కన పెట్టి, ఇంగ్లీషు వివరణలు బట్టీ పట్టడం వల్లే సగం కష్టం వస్తోందని నా గట్టి నమ్మకం.

మొదటి మెట్టు: నోట్సు తెలుగులో రాసుకోండి

జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది, విభక్తులు నామవాచకం తర్వాత వస్తాయి. ఇది అందరూ చెప్పేదే. అసలు లాభం ఇంటర్మీడియట్‌లో మొదలవుతుంది. అక్కడ వచ్చే "తె" రూపం మన "తిని, చూసి, వెళ్ళి" లాంటిదే. దానికి ఇంకో క్రియ తగిలించినప్పుడు ఏమవుతుందో చూడండి.

"తబెతె మిరు" అంటే "తిని చూడు". "మిరు" అంటే చూడటమే! "కత్తె ఒకు" అంటే "కొని ఉంచు". "ఇత్తె కిమసు" అంటే "వెళ్ళొస్తాను". ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపాన్‌వాళ్ళూ ఇదే మాట అంటారు. ఇంగ్లీషులో పేరాలు పేరాలు రాసినా పూర్తిగా పట్టుబడని "షిమౌ" అనే క్రియ మనకు రెండు ముక్కల్లో తేలిపోతుంది. "తబెతె షిమత్త" అంటే "తినేశాను", "వసురెతె షిమత్త" అంటే "మరచిపోయాను". పని పూర్తయిందన్న భావం ఒకచోట, అయ్యో అన్న భావం ఇంకోచోట. ఆ తేడా మనం రోజూ ఆలోచించకుండానే చూపిస్తున్నాం.

"ఇకు తొ ఇత్త"లోని "తొ" మన "అని": వెళ్తానని అన్నాడు. "ఇకు సో ద"లోని "సో" మన "అట": వెళ్తాడట. నామవాచకానికి ముందు పెద్ద వాక్యం వచ్చినా కంగారు పడొద్దు. "కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం", పదం పక్కన పదం అదే వరుస.

అందుకే కొత్త రూపం రాగానే నోట్‌బుక్‌లో దాని పక్కన ఒక తెలుగు వాక్యం రాయండి. నిఘంటువు అర్థం కాదు, ఆ సందర్భంలో మీరు నోటితో ఏమంటారో అది.

రెండో మెట్టు: క్రియల్ని జంటలుగా నేర్చుకోండి

ఇంటర్మీడియట్‌లో ఎక్కువ మార్కులు పోయేది సకర్మక, అకర్మక క్రియల దగ్గర. "కిటికీ తెరిచాను"కు "మదొ ఒ అకెత" అనాలి, "కిటికీ తెరుచుకుంది"కి "మదొ గ అఇత" అనాలి. వ్యాసాల్లో వీటిని తారుమారు చేసి నేను చాలాసార్లు ఎర్ర గీతలు పెట్టించుకున్నాను. తెలుగులోనూ ఇలాంటి జంటలే ఉన్నాయని గుర్తొచ్చాక ఆ గీతలు తగ్గాయి. మారు, మార్చు అంటే "కవరు, కఎరు". దిగు, దించు అంటే "ఒరిరు, ఒరొసు". దీపం ఆరు, ఆర్పు అంటే "కిఎరు, కెసు". ఫ్లాష్‌కార్డు మీద ఒక్క క్రియ రాయకండి, ఎప్పుడూ రెండూ రాయండి, పక్కన కర్త తర్వాత వచ్చే "గ" కానీ, కర్మ తర్వాత వచ్చే "ఒ" కానీ చేర్చి.

"మొరౌ" (పొందు) కూడా ఇలాగే. "తొమొదచి ని నఒషితె మొరత్త" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో ఆలోచిస్తే తలనొప్పి. తెలుగులో "ఫ్రెండ్‌తో దిద్దించుకున్నాను" అంతే. "ఇంచు", "కొను" కలిసి చేసే పని అక్కడ "మొరౌ" ఒక్కటే చేస్తుంది.

మూడో మెట్టు: తెలుగు సరిపోని చోట్ల ఆగండి

ఇవి వేరే పేజీలో రాసుకోండి, చదువుకునే సమయంలో పెద్ద వాటా వీటికే ఇవ్వండి.

నామవాచకం తర్వాత వచ్చే "వ", "గ" తేడాకు సరైన జోడీ తెలుగులో లేదు. సూత్రాలతో రాదు, చదవగా చదవగా చెవికి పడుతుంది. షరతు చెప్పే మన "తే" ఒక్కటి చేసే పనికి అక్కడ "తొ, బ, తర, నర" అని నాలుగున్నాయి. "తర" మన "వెళ్తే"కు, "నర" మన "వెళ్ళేటట్టయితే"కు దగ్గర. ఈ "తొ" (పైన చూసిన "అని" కాదు) మాత్రం జాగ్రత్త: దాని తర్వాత "చేయండి", "చేద్దాం" లాంటి మాటలు రావు.

అన్నిటికంటే కష్టమైనది కెయిగొ, అంటే మర్యాద భాష. రా, రండి, దయచేయండి అనే మెట్లు మనకూ ఉన్నాయి కాబట్టి ఎదుటివాళ్ళను పెంచి మాట్లాడటం తొందరగానే వస్తుంది. మనల్ని మనం తగ్గించుకునే క్రియలు వేరే ఉండటం కొత్త. వెళ్ళడం "ఇకు" అయితే, పెద్దాయన వెళ్తే "ఇరష్షరు", నేను వెళ్తే "మఇరు". ఇంకో మెలిక ఉంది. బయటివాళ్ళు ఫోన్ చేస్తే మనం "మా మేనేజర్‌గారు సీట్లో లేరండీ" అంటాం. జపనీస్‌లో అలా అనకూడదు. బయటివాళ్ళ ముందు మన మేనేజర్ మనవాడే కాబట్టి పేరు చివర "గారు" లాంటి "సన్" తీసేసి, తగ్గించే క్రియతో చెప్పాలి. దీన్ని చదివి ఊరుకోకుండా, ఇద్దరు కలిసి ఫోన్ సంభాషణలా పైకి ఆడి చూడండి.

నాలుగో మెట్టు: కంజిని కుటుంబాలుగా పట్టుకోండి

కంజిలంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. రోజువారీ వాడకానికి జపాన్ ప్రభుత్వం పెట్టిన జోయో జాబితాలో, 2010 సవరణ తర్వాత, 2136 కంజిలున్నాయి. విడివిడిగా గుర్తు పెట్టుకోవాలంటే టెన్షనే. వాటిలో చాలావాటికి ఒక పక్క అర్థం, ఇంకో పక్క ఉచ్చారణ ఉంటాయి. నీలానికి రాసే కంజిని "సే" అని చదువుతారు. దానికి ఎడమ పక్క నీటి గుర్తు చేరిస్తే స్వచ్ఛం, సూర్యుడి గుర్తు చేరిస్తే తేటపడిన ఆకాశం, మాట గుర్తు చేరిస్తే అభ్యర్థన. మూడూ "సే"నే. హృదయం గుర్తు చేరిస్తే మాత్రం భావోద్వేగం, చదివేది "జో" అని. ఇలాంటి మినహాయింపుల్ని అదే పేజీలో ఎర్ర ఇంకుతో రాయండి. రోజూ పది, పదిహేను నిమిషాలు అంకి లాంటి ఫ్లాష్‌కార్డు యాప్‌తో పునశ్చరణ చేస్తే చాలు. వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం వల్ల పెద్దగా నిలవదు.

ఐదో మెట్టు: క్లాసుకు ముందు, క్లాసు తర్వాత

పాఠాన్ని క్లాసుకు ముందే ఒకసారి పైకి చదవండి. దీర్ఘాలు, ద్విత్వాలు మన చెవికి కొత్త కాదు. "ఒబసన్" అంటే అత్తో పిన్నో, "ఒబాసన్" అంటే బామ్మ. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే స్టాంపు. అయితే రాసేటప్పుడు ఇవే జారిపోతాయి. నాలుగొందల గళ్ళ వ్యాసం కాగితం మీద ద్విత్వానికి రాసే చిన్న "త్సు"కు కూడా ఒక గడి ఇవ్వాలని గుర్తుంచుకుంటే చెయ్యి అలవాటు పడుతుంది.

దిద్దిన వ్యాసం తిరిగొచ్చాక మార్కులు చూసి లోపల పెట్టేయకండి. రెండు రోజులాగి, దాన్ని చూడకుండా మొత్తం మళ్ళీ రాయండి. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ పనే. వ్యాసం "దెసు, మసు" అనే మర్యాద శైలిలో మొదలుపెడితే చివరిదాకా అలాగే ఉంచండి, మధ్యలో "ద", "దె అరు" అనే మామూలు శైలిలోకి జారకండి.

సరదా చదువుకు "తదొకు" (ఎక్కువగా చదవడం) పద్ధతి పాటించండి: బాగా తేలికైన పుస్తకంతో మొదలుపెట్టాలి, డిక్షనరీ తీయకూడదు, తెలియని మాట దాటేయాలి, నచ్చకపోతే పుస్తకం మార్చేయాలి.

పరీక్షల సంగతి

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీ జులైలో, డిసెంబరులో జరుగుతుంది, కొన్నిచోట్ల ఏడాదికి ఒకసారే. ఇంటర్మీడియట్‌కు సరిపోయేది అందులోని మధ్య లెవెల్ ఎన్3. 180కి 95 రావాలి, మూడు భాగాల్లోనూ 60కి కనీసం 19 చొప్పున ఉండాలి. 2010 నుంచి ఏ లెవెల్‌కు ఏ పదాలు, ఏ కంజిలు అన్న అధికారిక జాబితా ప్రచురించడం లేదు, కాబట్టి బయట దొరికే జాబితాలన్నీ అంచనాలే. ఇందులో మాట్లాడటం, రాయడం లేవు కనుక ఆ రెండింటికీ మీ క్లాసే ఆధారం.

జపనీస్ ప్రధాన విషయంగా డిగ్రీ చదువుతున్నవాళ్ళకు ఇంకో మాట. జపాన్ బయటి యూనివర్సిటీల్లో జపనీస్ భాష, సంస్కృతి చదివే డిగ్రీ విద్యార్థులు అక్కడ సుమారు ఏడాది చదువుకోవడానికి ఆ దేశపు విద్యాశాఖ (మెక్స్‌ట్) ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ప్రత్యేకంగా ఒకటి ఉంది. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో మీ డిపార్ట్‌మెంట్‌లో ముందే అడిగి ఉంచుకోండి.