మడతపడ్డ పురాతన శిలలు: మడత వయసు తేల్చే పద్ధతి

రాయి ఎప్పుడు పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు మడతపడిందన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి ఏ పరికరమూ నేరుగా జవాబివ్వదు. మడతకు ముందున్నదేది, తర్వాత వచ్చిందేది, మడతపడుతుండగా పెరిగిందేది అని విడదీయాలి. ఆ పనిలో ఎక్కువ భాగం రాతి దగ్గరే పూర్తవ్వాలి.

ముందుగా వాలును కూడా కొలిచే దిక్సూచి, అంటే క్లైనోమీటర్ కంపాస్‌తో పొరల స్ట్రైక్ (పొర అడ్డంగా సాగే దిక్కు), డిప్ (పొర వాలు) కొలవండి. రాతి ముఖం గరుకుగా ఉంటే నోట్‌బుక్ అట్టను పొర మీద ఆనించి, ఆ అట్ట మీద కొలవండి. సుత్తిని దూరంగా పెట్టండి. మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ఎక్కువున్న రాతి మీద దిక్సూచి ముల్లును అసలు నమ్మవద్దు. మడత రెండు పక్కలా, వంపు దగ్గరా కొలతలు ఉండాలి. పొరలకు లంబంగా ఉండే రేఖలను స్టీరియోనెట్ (దిక్కులను, వాలులను గోళపు పటంగా చూపే వల) మీద బిందువులుగా గుర్తిస్తే అవి ఒక మహావృత్తం (గోళాన్ని సరిగ్గా సగానికి కోసే వృత్తం) వెంట పరుచుకుంటాయి, ఆ వృత్తానికి లంబమే మడత అక్షం. ఒకే పక్క కొలిస్తే బిందువులన్నీ ఒకచోట గుమిగూడి వృత్తమే కుదరదు. అన్ని పక్కలా కొలిచాక కూడా చెల్లాచెదురుగా పడితే, రాయి ఒకటికి రెండుసార్లు మడతపడి ఉండొచ్చు. ప్రాంతాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి మళ్లీ గీయండి.

పొర తలకిందులైందా లేదా అన్నది తప్పక చూడాలి. గ్రేడెడ్ బెడ్డింగ్‌లో ముతక ఇసుక అడుగున ఉండి పైకి పోనుపోను మెత్తబడుతుంది. క్రాస్ బెడ్డింగ్‌లో వాలు గీతలు పైన తెగిపోయి, అడుగున వంపు తిరిగి పొరను ఆనుకుంటాయి. తర్వాత క్లీవేజ్, అంటే ఒత్తిడికి రాయి పలకలుగా చీలే తలం. పొరా క్లీవేజూ ఒకే దిక్కుకు వాలినప్పుడు క్లీవేజ్ ఎక్కువ నిటారుగా ఉంటే పొర సరిగ్గానే ఉన్నట్టు, పొరే ఎక్కువ నిటారుగా ఉంటే అది తిరగబడినట్టు. మొదటిసారి మడతపడిన రాళ్లకే ఈ సూత్రం పనికొస్తుంది. క్లీవేజే ముడతలు పడి కనిపిస్తే దాన్ని ఎస్1 అని, దాన్ని ముడిచిన కొత్త తలాన్ని ఎస్2 అని రాసుకోండి.

ఇక మడత కాలానికి హద్దులు. మడతపడ్డ పొరల్లో అన్నిటికన్నా చిన్న వయసుది పాత హద్దు. వాటిని కోసుకుంటూ పోయి తాను మాత్రం వంగని డైక్ (పగులులోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ శిలాద్రవపు పలక), లేదా వాటి మీద కోత జరిగాక పరుచుకున్న పొర కొత్త హద్దు. 1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ స్కాట్లాండ్‌లోని సికర్ పాయింట్ దగ్గర చూసింది ఇలాంటి కోత హద్దు, అంటే అన్‌కన్ఫర్మిటీనే. నిటారుగా నిలిచిన సైలూరియన్ యుగపు గ్రేవాకే (మట్టి కలిసిన ముతక ఇసుకరాయి) సుమారు 43.5 కోట్ల ఏళ్లది, దానిపై కొద్దిగా వాలిన ఎర్ర ఇసుకరాయి సుమారు 37 కోట్ల ఏళ్లది. మడతపడడం, కోత రెండూ ఈ మధ్యకాలంలోనే జరిగాయి.

ఎక్కువమంది పొరబడేది డైక్ దగ్గర. తిన్నగా ఉంది కదా అని మడత తర్వాతిదనుకుంటారు. గట్టి డైక్ మడత అక్షతలానికి (మడతను రెండు పక్కలుగా విడదీసే తలానికి) సమాంతరంగా ఉంటే వంగకుండానే ఒత్తిడిని తట్టుకుంటుంది. దాని అంచును దగ్గరగా చూడండి. క్లీవేజ్ లోపలికి చొచ్చుకుపోతే డైక్ మడతకు ముందుదో, ఆ సమయానిదో అయి ఉంటుంది.

డైక్ వయసుకు జిర్కాన్ అనే ఖనిజం మీద యురేనియం-సీసం పద్ధతి (యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి వయసు లెక్కగట్టడం) వాడతారు. యురేనియం-238 అర్ధాయువు 446.8 కోట్ల ఏళ్లు, 235ది 70.4 కోట్ల ఏళ్లు. గింజ నడుమ పాత శిల నుంచి వచ్చిన కోర్ ఉంటే వయసు ఎక్కువగా వస్తుంది, కాబట్టి కాథోడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్లు తాకినప్పుడు గింజ లోపలి పొరలు వెలిగే) చిత్రం చూశాకే కొలిచే చోటు ఎంచుకోవాలి. అవక్షేపంలోని జిర్కాన్ మాత్రం పొర పేరుకోవడానికి గరిష్ఠ వయసునే ఇస్తుంది. అక్కడ ఒక్క గింజ సరిపోదు, వయసులు కలిసే గుంపు కావాలి.

మడత కాలానికి దగ్గరగా వెళ్లేది క్లీవేజ్ వెంట పెరిగిన తెల్ల అభ్రకం. నమూనా పెకలించే ముందే దాని మీద స్ట్రైక్, డిప్ గుర్తు పెట్టండి. సూక్ష్మదర్శిని కింద 0.03 మి.మీ. పలుచని రాతి సెక్షన్‌లో ఆ రేకులు నిజంగా ఎస్1 వెంటే ఉన్నాయో లేదో చూసి, అప్పుడు ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతికి (పొటాషియం నుంచి పుట్టిన ఆర్గాన్‌ను బట్టి వయసు తేల్చేది) పంపండి. రాయి సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి ఉంటే వచ్చేది మడత వయసు కాదు, చల్లారిన వయసు. అవక్షేపంతో కొట్టుకొచ్చిన పాత అభ్రకం కలిస్తే అంకె పెరుగుతుంది. ప్రయోగశాలలో నమూనాను అంచెలంచెలుగా వేడిచేసినప్పుడు వయసులు మెట్లుగా వస్తే సగటు తీయకండి. అభ్రకం వయసు డైక్ కన్నా చిన్నదిగా వస్తే, ఎస్1 అని గుర్తించింది ఎస్2 కాదేమోనని ముందుగా సెక్షన్‌లోనే మళ్లీ వెతకండి.