కొత్త ప్రైమర్ ట్యూబు మూత వెంటనే తీయకండి

మా శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలకి నేను ముందుగా చెప్పేది ఇదే. పీసీఆర్‌లో, అంటే డీఎన్ఏ ముక్కకి కోట్ల నకళ్లు తీసే పద్ధతిలో, వాడే చిన్న డీఎన్ఏ పోగే ప్రైమర్. పొడిగా వచ్చే ఇది కంటికి సరిగా ఆనదు. దారిలో కుదుపులకి మూతకో, ట్యూబు గోడకో అంటుకుని ఉంటుంది. అర నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగుకి దిగుతుంది. అప్పుడు తెరవండి.

లెక్క తేలికే. ట్యూబు మీద ఎన్ని నానోమోల్స్ అని ఉందో చూసి పదితో హెచ్చవేయండి. అన్ని మైక్రోలీటర్లు పోస్తే 100 మైక్రోమోలార్ స్టాక్ (నిల్వ ఉంచుకునే గాఢ ద్రావణం) తయారవుతుంది. 24.6 నానోమోల్స్ ఉంటే 246 మైక్రోలీటర్లు. అదే లేబుల్ మీద మైక్రోగ్రాములు, ఓడీ (కాంతిని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె) కూడా రాసి ఉండొచ్చు. తొందరలో నేను ఒకసారి మైక్రోగ్రాముల అంకె పట్టుకుని, పీసీఆర్ తర్వాత జెల్ మీద బ్యాండ్ (డీఎన్ఏ గీత) రాక వారం రోజులు టెన్షన్ పడ్డాను.

నీళ్ల కంటే టీఈ బఫర్ (ట్రిస్, ఈడీటీఏ అనే రసాయనాలు కలిసిన ద్రావణం) మేలు. అందులో ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్ ఉన్నదే తీసుకోండి. ఎక్కువైతే పీసీఆర్‌కి కావలసిన మెగ్నీషియాన్ని అది పట్టేస్తుంది. పోశాక పది నిమిషాలు ఆగి, బాగా కలిపి, మళ్లీ ఒకసారి తిప్పండి.

రోజువారీ పనికి స్టాక్ 10, నీళ్లు 90 మైక్రోలీటర్లు కలిపితే 10 మైక్రోమోలార్. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ఇది ఒక మైక్రోలీటరు వేస్తే 0.4 మైక్రోమోలార్ అవుతుంది. దీన్ని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టండి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో మనకి తెలుసు కదా! ఫ్రీజర్ కరిగిందని కంగారుపడి పారేయకండి, టీఈలో ఉన్న ప్రైమర్ కొన్ని రోజులు తట్టుకుంటుంది.